పనిముట్లను కబాడీకేసిన బిరాదర్లకు

అబ్బా పోయిన నలభయ్యో దినం. ఫాతెహా అయిపోయింది, చుట్టాలు పోయిన్రు, దేగులు కడిగి బోర్లించినం. సూర్యాపేటలో మా ఇంటెనక అర్ర తాళం తీసి బడే భాయీ సామాన్ల లెక్క షురూ చేసిండు. ప్లాటు కాగితాలు ఒక దిక్కు. బీరువా, కూలరు, రెండు ఫ్యాన్లు ఒక దిక్కు. మూలకున్న తగరపు సందూఖ్‌ను మాత్రం కాలితోని జరిపి, "ఇది కబాడీకి" అన్నడు.

నేను దుకాణం నుంచి వచ్చేసరికి సందూఖ్ లేదు. పదకొండు కిలోలు తూగిందట. కిలోకు 28. మొత్తం 308 రూపాయలు. భాయీ బేఇమాన్ కాదు. నా వాటా 154 లెక్కబెట్టి నా చేతిల పెట్టిండు. "మరి అమ్మీకి ఎనిమిదో వంతు రావాలె కదా? బాజీకి మన దాంట్ల సగమన్న రావాలె కదా?" అని అడిగిన. నవ్విండు. "తుక్కు ఇనుముకు కూడా మస్లా చెప్తవారా?" అన్నడు.

అవును భాయీ, చెప్త. ఈ మాట నీకే చెప్తున్న. నీతోపాటు కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట గల్లీలల్ల దాదా సందూఖ్‌ను కాలితో జరిపిన బిరాదర్లందరికీ చెప్తున్న. కోపమొస్తే రానీయున్రి.

ముందుగాల ఆ సందూఖ్‌ల ఏమున్నయో చెప్త. ఒక బసూలా, అంటే బాడిస. రెండు రందాలు, ఒకటి పెద్దది, ఒకటి అరచేతిల ఇమిడేది. చిత్రిక అంటరే, అవి. మూడు రుఖానీలు, మూడు సైజుల ఉలులు. ఒక ఆరీ. విల్లుకు తాడు చుట్టి ముందుకు ఎనకకు లాగితే గిర్రున తిరిగి బెజ్జమేసే బర్మా. ఒక సుత్తె. అరిగిపోయిన రేతీలు నాలుగు. అమ్మీ దహేజ్‌ల తెచ్చుకున్న ఇత్తడి హావన్‌దస్తా, సరోతా కూడా అండ్లనే పడి ఉన్నయి. సగం ఔజార్లు దాదావి, సగం అబ్బావి.

దాదాది కోదాడ దగ్గర ఊరు. మేం నూర్‌బాషాలం. దూదేకులోళ్ళం. చలికాలం రాకముందే దాదా ధున్కీ భుజానేసుకొని ఊర్లు తిరిగేటోడు. వాకిట్ల నిలబడి తాంత్ మీద ఒక్క దెబ్బ కొడితే గల్లీ మొత్తానికి వినిపించేదట. అదే పిలుపు, వేరే కేక అక్కర్లేదు. ఆ ఇంట్ల పాత పరుపుల దూది, గట్టిపడ్డ బొంతల దూది కుప్ప పోసేటోళ్ళు. ధున్కీని తాడుతో పైన వేలాడగట్టి, తాంత్‌ను దూదికి ఆనిచ్చి, కర్ర ముఠియాతో మీటుతుంటే ఆ అదురుకు ముద్ద ముద్దగున్న దూది పోగు పోగుగ ఇడిపోయేది. దుమ్ము కిందికి రాలేది, దూది మీదికి లేచేది. కూలి వడ్లల్ల ఇచ్చేది, జొన్నలల్ల ఇచ్చేది. ఏకుడు పని లేని కాలంల దాదా ఆ బసూలాతోనే నాగళ్ళకు, గొడ్డళ్ళకు కర్రలు చెక్కి పెట్టేటోడు.

1967ల నాగార్జునసాగర్ నీళ్ళు కాల్వలకు వదిలిన్రు. ఎడమ కాల్వ కింద వరి పెరిగింది, మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచినయి. మిల్లులకు చెక్కపని తెలిసినోళ్ళు కావాలె. జల్లెడ చట్రాలు, తలుపులు, గల్లాపెట్టెలు. అబ్బా దాదా దగ్గర బసూలా పట్టుడు నేర్చుకున్నడు, మిగిలింది ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకొని మిర్యాలగూడలో చేరిండు. రందాలు, రుఖానీలు ఆ జమానావి. ఆ రందా మీద వచ్చిన మజూరీతోనే బడే భాయీ డిగ్రీ చదివిండు. నేను చదివిన. సూర్యాపేటలో ప్లాటు కొన్నం.

మొన్న భాయీ భద్రంగ ఫైలుల పెట్టిన ప్లాటు కాగితాలకు తల్లి ఎవరు? ఆ సందూఖే. కాగితాలు బీరువాలకు పోయినయి, సందూఖ్ కబాడీకి పోయింది.

నేననేది ఒక్క ముక్క. దాదాలు వదిలిపోయిన ఔజార్లకు జంగు వదిలించి, ధార్ పెట్టి, మళ్ళ మన పిల్లల చేతికియ్యాలె. అమ్మొద్దు. గోడకు కూడా ఎక్కించొద్దు. పనికి పెట్టాలె.

దీనికి మనోళ్ళు చెప్పే జవాబులు నాకు తెల్సు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి జవాబు నోటితో ఎవ్వరు చెప్పరు, మొఖంల కనవడ్తది. శరం. భాయీకి సందూఖ్ అంటే ఎందుకు గిట్టదో నాకు ఎరికే. బడిల ఉన్నప్పుడు ఒక పంతులు లెక్క తప్పు చేసినోన్ని ఎవ్వన్నైనా "పింజారి ఎదవా" అని తిట్టేటోడు. క్లాసుల పిల్లలంత మా భాయీ దిక్కు తిరిగి నవ్వేటోళ్ళు. తిట్టు ఎవ్వని మీద పడ్డా దెబ్బ మావోనికే తగిలేది. ఏడో తరగతిల ఒకనాడు ఇంటికొచ్చి అమ్మీతోని "దాదా ధున్కీ వాకిట్లకు తీయొద్దని చెప్పు" అన్నడు. దాదా విన్నడు. ఆ తర్వాత మేం సెలవులకు పోయినప్పుడల్లా ధున్కీ కొట్టం ఎనకనే ఉండేది.

ఆ దెబ్బ చిన్నది కాదు భాయీ, ఒప్పుకుంట. కానీ తిట్టింది ఎవ్వడు, శరం పడాల్సింది ఎవ్వడు? ఊర్ల ప్రతి ఇంటోడు ఒకప్పుడు దూదేకులోడు ఏకిన దూది మీద పండినోడే. పెండ్లి పరుపు మావోళ్ళే ఏకిన్రు, బాలింత పరుపు మావోళ్ళే ఏకిన్రు. ఒంటికి వెచ్చదనమిచ్చిన పేషా పేరును తెలుగు నోరు తిట్టు చేసుకున్నది. వాళ్ళ నోట్ల ఉన్న మైల వాళ్ళే కడుక్కోవాలె. మనం దాదా ధున్కీని దాచిపెడితే ఆ తిట్టు నిజమేనని మనమే దస్తఖత్ పెట్టినట్టు.

మనోళ్ళకు యాద్ లేదు గానీ ఈ పేషాకు పెద్ద పేర్లున్నయి. 922ల బగ్దాద్‌ల మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరు ఎరుగనోళ్ళు ఉండరు. హల్లాజ్ అంటే అరబ్బీల పత్తి ఏకేటోడు. దూదేకులోడే. మన తెలుగు గడ్డ మీద పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యులల్ల అందరికంటె పేరున్నది ఎవ్వరికి? దూదేకుల సిద్ధయ్యకు. జాత్ పేరు దాచకుండ, దాంతోనే ఇయ్యాల్టికీ పిలిపించుకుంటున్నడు. మనల్ని లద్దాఫ్ అని రాస్తరు కదా, అది నద్దాఫ్ అనే మాట. పత్తి ఏకేటోడనే అర్థం. పేరు వెనక ఔజారున్నది, ఔజారు వెనక చెయ్యి ఉన్నది.

చేతిపనికి దీన్‌ల తక్కువ ఉన్నదా? దావూద్ అలైహిస్సలాంకు ఇనుమును మెత్తగ చేసిచ్చినమని ఖురాన్ చెప్తది. ఆయన బాద్షా, అయినా కవచాలు చేసి తన చేతి కష్టం తిన్నడు. జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి అని హదీసులల్ల ఉన్నది. 57వ సూరా పేరే అల్ హదీద్, ఇనుము. జుమ్మా నాడు ఇవన్నీ విని తలూపి వచ్చి, ఇంట్ల దాదా బసూలాను కాలితోని జరుపుతం. ఇదెక్కడి ఇన్సాఫ్?

ఇంకో చేదు మాట. 2007ల వచ్చిన చట్టం వెనుకబడ్డ ముస్లిం జాత్‌లకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సయ్యద్‌లను, మొగల్‌లను, పఠాన్‌లను బయట పెట్టింది. ఆ జాబితా ఒకపారి నిదానంగ చదువున్రి. హజామ్‌లున్నరు, ధోబీలున్నరు, ఖురేషీలున్నరు, అత్తర్ సాయెబులున్నరు. 'రోళ్ళకు కక్కు కొట్టేవారు' ఉన్నరు, 'చక్కీ టాకనేవాలే' ఉన్నరు, 'పత్తర్ ఫోడులు' ఉన్నరు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అంతకు ముందటి నుంచే బీసీ-బిల ఉన్నరు. సర్కారు మన దాదాలను వాళ్ళ చేతిల ఔజారును చూసి గుర్తుపట్టింది. సీటు కోసం, నౌకరీ కోసం ఆ పేరు మీద సర్టిఫికెట్ తెచ్చుకుంటం. తప్పు లేదు, అది హక్. మరి ఇంటి గేటు మీద మాత్రం 'ఖాన్' అని ఎందుకు రాయించుకుంటున్నం? తహసీల్ ఆఫీసుల పింజారి, గల్లీల పఠాన్. ఉలి పేరు మీద సీటు తీసుకొని ఉలిని తుక్కులేసుడు ఎహసాన్ ఫరామోషీ కాకపోతే ఇంకేంది?

రెండో జవాబు: "గరీబీని మళ్ళ తెచ్చుకొమ్మంటవా? దాదా దగ్గి దగ్గి సచ్చిండు, మరిచిపోయినవా?"

మరువలే. దూది దుమ్ము ఛాతిల చేరి ఊపిరి ఆడనియ్యని బీమారీ ఉన్నది. పత్తి మిల్లుల మజ్దూర్లకు వచ్చేదీ అదే. దాదా కాలంల మూతికి రుమాలే దిక్కు, ఒక్కోసారి అది కూడా లేదు. నా కొడుకును ఊరూర తిరిగి దూది ఏకమని నేను చెప్తలేను. వాడు ఇంజనీరు కానీ, డాక్టరు కానీ, కిరాణా దుకాణం పెట్టుకోనీ. కానీ పేషా వేరు, హునర్ వేరు. పేషాల గరీబీ ఉండొచ్చు. హునర్‌ల గరీబీ లేదు. తలుపు చెక్క ఉబ్బి గడపకు రాసుకుంటే ఎవ్వరికో ఫోను చేసి మూడు దినాలు ఎదురు చూసుడు కంటె, రందా తీసుకొని రెండు పొరలు లేపుడు గరీబీ ఎట్లయితది? గరీబీ ఎనకకు రావొద్దంటే చేతికి పనొచ్చి ఉండుడే నయం.

మూడో జవాబు కొత్తగా వచ్చింది, పైసలున్నోళ్ళది. "అమ్మొద్దు, నిజమే. పాలిష్ కొట్టించి హాల్ల పెడదాం. యాంటిక్ లుక్కు."

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు హైవే మీద ఒక హోటల్ల నేను బిర్యానీ తింటుంటే తల మీద నాగలి వేలాడుతున్నది. పక్కన తిరగలి, దాని మీద మనీప్లాంటు. ఇంకో గోడకు బాడిసలు, రంపాలు వరుసగ మేకులకు కొట్టి, వార్నిష్ మెరిసేటట్టు పూసిన్రు. రంపం పండ్ల మధ్యల వార్నిష్ గడ్డకట్టింది. అది ఇంక ఏ కర్రనూ కొయ్యలేదు. మయ్యత్‌కు సుర్మా పెట్టినట్టున్నది.

కబాడీవాలా కిలోకు ఇంతని ఖరీదు కడ్తడు. యాంటిక్‌వాలా ముచ్చటకు ఇంతని కడ్తడు. ఇద్దరికీ అది చేసే పనితోని పని లేదు. శ్రీకాకుళం దిక్కు పొందూరుల ఖద్దరు నేసేకాడ ఆడవాళ్ళు ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతోని పత్తిని దువ్వి శుభ్రం చేస్తరు. ఆ దవడను గోడకెక్కించలేదు కాబట్టే దాని హునర్ బతికున్నది. ఇనుమూ అంతే. వాడిన రుఖానీకి జంగు పట్టదు. దాచిన రుఖానీకే పడ్తది.

మా ఇండ్లల్ల తుప్పును జంగు అంటం, లడాయిని కూడా జంగు అంటం. సందూఖ్ గురించి లడాయి ఆడొద్దని అమ్మీ అన్నది. ఒక జంగును వదిలించుటానికి ఇంకో జంగు తప్పేటట్టు లేదు.

మర్నాడు ఫజర్ కాంగనే కబాడీ దుకాణం ముందర కూసున్న. ఆయన షటర్ తీసి నన్ను ఎగాదిగా చూసిండు. ముందటి రాత్రే ఒక లోడు హైదరాబాద్‌కు పోయిందట. వెతికితే తొమ్మిది కిలోల సామాను దొరికింది. కిలోకు 40 అడిగిండు, 360 ఇచ్చిన. దొరకనివి రెండు, అబ్బా సుత్తె, దాదా బసూలా. బసూలా ఈపాటికి ఏ భట్టీలనో కరిగి ఏ ఇంటి స్లాబుల కడ్డీ అయ్యిందో. దాని దస్తా మీద దాదా బొటనవేలు ఆనే కాడ గుంట ఉండేది. నా చిన్నప్పుడు నా వేలు పెట్టి చూసుకునేటోన్ని, సగం కూడా నిండేది కాదు. ఇప్పుడైతే నిండేదేమో.

మిగిలిన వాటిని బాగు చేసుడు నేను గల్తీలు చేసి నేర్చుకున్న. ఆ గల్తీలు మీరు చెయ్యొద్దని రాస్తున్న.

ఫస్టు గల్తీ. తొందరపడి చిన్న రుఖానీని కరెంటు గ్రైండర్ మీద పెట్టిన. రవ్వలు లేస్తుంటే ఖుషీ అయిన. చూస్తుండంగనే అంచు నీలం రంగు తిరిగింది. అయిపోయింది. ఎప్పటి లోహారో భట్టీల కాల్చి, నీళ్ళల్ల ముంచి ఇచ్చిన పానీ ఆ వేడికి దిగిపోయింది. ఇప్పుడది చెక్కకు ఆనిస్తే అంచు మడత పడ్తది. నీలం తిరిగిన కాడికి మెల్లగ అరగదియ్యాలె, లేదంటే మళ్ళ లోహార్ దగ్గరికి పోవాలె.

సరైన తరీఖా ఇది. జంగు పట్టిన ఇనుమును చిక్కటి చింతపండు రసంల గాని సిర్కాల గాని ఒక రాత్రి ఉంచున్రి. పొద్దున కొబ్బరి పీచుతోని, మెత్తటి ఇటుక పొడితోని రుద్దితే జంగు నల్ల బురదై పోతది. తినే సోడా కలిపిన నీళ్ళల్ల కడిగి, అప్పటికప్పుడే తుడిచి ఎండల పెట్టి, నూనె పుయ్యున్రి. తడి మీద వదిలిపెడితే గంటల ఎర్రగైతది. కదలకుండ పట్టేసిన మర మేకులకు కిరసనాయిలు పోసి రెండు దినాలు ఆగున్రి, సుత్తెతో కొట్టొద్దు. ధార్‌కు సాన రాయి, నీళ్ళు, సబర్ కావాలె. దాదా పెట్టిన వాలును మార్చొద్దు, ఆ వాలు మీదనే రుద్దాలె. ఎనక దిక్కు పలక సాఫుగ లేకపోతే ఎంత రుద్దినా ధార్ నిలువదు. ఆరీ పండ్లకు మూడు మూలల రేతీ పట్టి ఒక్కో పన్నుకు ఒకే లెక్కన దెబ్బలు పడాలె.

కర్ర భాగాన్ని గరుకు కాగితంతోని అరగదీసి కొత్తగ చెయ్యాలని చూడొద్దు. అబ్బా అరచెయ్యి చేసిన నునుపు అది, మళ్ళ రాదు. అవిసె నూనె పలచగ రుద్ది ఆరనిస్తే చాలు. ఒక జాగ్రత్త. ఆ నూనె తుడిచిన గుడ్డలను ముద్ద చేసి మూలకు పారెయ్యొద్దు, తమంతట తామే వేడెక్కి అంటుకుంటయి. విప్పి ఆరెయ్యున్రి. దస్తా విరిగితే బాగ ఎండిన తుమ్మ కర్రతోని కొత్తది చేయించున్రి, దారం సీదాగ ఉన్న ముక్క చూసుకొని.

పాతవన్నీ గొప్పవని నేనంటలేను. ఒక రేతీ పూర్తిగ అరిగి సచ్చిపోయింది, దానికి సలాం చెప్పి తీసేసిన. పగిలిన ఇనుము పగిలిందే. ఏది జిందా, ఏది ముర్దా అని చూసి తేల్చున్రి. చూడకుండ తూకమెయ్యొద్దు.

ధున్కీ కత వేరే. ఊర్లె మా పాత కొట్టంల రేకులకు గుంజ లెక్క పెట్టిన్రు దాన్ని. ఒక కొస చెదలు తిన్నది. కారు మీద కట్టుకొని కోదాడలో ఒక ముసలాయన దగ్గరికి పోయిన. వయసుల ఉన్నప్పుడు ఆయన కూడా ఏకినోడే. గోటితోని కర్ర పొడుగునా కొట్టి చెవి పెట్టి విన్నడు. "కర్ర జిందా ఉన్నది బేటా. తాంత్ లేదు. తాంత్ లేని ధున్కీ దండెం కర్ర" అన్నడు. ఆ తాంత్ గొర్రె పేగు నుంచి వస్తది. కసాయి గల్లీల పేగు, వడ్లోళ్ళ ఇంట్ల కర్ర, కాపోళ్ళ చేన్ల పత్తి, మావోళ్ళ చెయ్యి, ఇన్ని జాత్‌లు కలిస్తేనే ఒక పరుపు అయ్యేది. ఇప్పుడు చుట్టూత పత్తి చేన్లు పెట్టుకొని మన ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫోము పరుపుల మీద పండుతున్నది.

ఇప్పుడు భాయీ నవ్విన మస్లా దగ్గరికి వస్త. మయ్యత్ వదిలిపోయిన ప్రతిదీ తర్కానే, సూది నుంచి జమీన్ దాక. ప్లాటు కాడ మాత్రం వాటాలు, సుత్తె కాడ కబాడీ అనే మస్లా ఏ కితాబుల లేదు. నేను సామాను తెచ్చినంక బాజీని పిలిచి ముందర పరిచిన. ఆమె ఏమడగదనుకున్నం. బర్మా తీసుకున్నది. "అబ్బా నాకు బర్మా తాడు లాగుడు నేర్పిండు. నువ్వూ భాయీ బయట క్రికెట్ ఆడేటోళ్ళు" అన్నది. మాకు ఆ సంగతే తెల్వదు! ఇన్నేండ్లు ఆమె ఒక హునర్ మోస్తున్నది, ఎవ్వరం అడగలే. అమ్మీ హావన్‌దస్తాను ఒళ్ళె పెట్టుకొని ఏం మాట్లాడలే. ఆమె సొంత దహేజ్ అది, మా తర్కాల పడాల్సిందే కాదు. మేం దాన్ని కిలో లెక్కన అమ్మినం.

అందుకని మీరు చెయ్యాల్సింది ఇది. సందూఖ్ అమ్మేముందు ఇంట్ల అందర్నీ కూసోబెట్టున్రి, ఆడవాళ్ళను ముందుగాల. ఏది ఎవ్వరిది, ఏ పనికి, ఎవ్వరు ఎక్కడ కొన్నరు, పిల్లల నోటుపుస్తకంల రాయించున్రి. ఆ చరిత్ర ఏ లైబ్రరీల దొరకదు, ముసలోళ్ళ నాలుక మీదనే ఉన్నది.

ఇంకో పని బిరాదరీ మొత్తం చెయ్యాలె. మన ప్రతి మస్జిద్‌ల డోలా ఉంటది, గుసుల్ ఇచ్చే పలక ఉంటది. ఎవ్వరి ఇంట్ల మయ్యత్ అయినా అందరిదీ అదే. సచ్చినోని కోసం సామాను ఉమ్మడిగ పెట్టుకున్న మనం, బతికున్నోని కోసం ఒక ఔజార్ల అల్మారా పెట్టుకోలేమా? బాగు చేసిన ఆరీలు, రందాలు, ఉలులు అండ్ల పెట్టి, రిజిస్టర్‌ల రాసుకొని ఇచ్చి పుచ్చుకుంటే కమిటీకి ఎంత ఖర్చయితది? ఐతారం నాడు అసర్ తర్వాత ఒక ముసలి కారీగర్ కుర్చీల కూసొని పది మంది పిల్లలకు ధార్ పెట్టుడు చూపెడితే మస్జిద్ సెహన్ చిన్నదైతదా? ఇంగ్లండుల 1970ల చివర టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అని ఒక సంస్థ మొదలైంది. జనం అటకల మీద పడేసిన పాత చేతి పనిముట్లను వాలంటీర్లు జంగు వదిలించి, ధార్ పెట్టి, ఆఫ్రికా దేశాల కారీగర్లకు పంపిన్రు. ఎవ్వరి దాదావో తెల్వని ఔజార్లకు వాళ్ళు అంత కష్టపడ్డరు. మన సొంత దాదాలవి మనకు భారమైనయి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. అమ్మీ అర్ర తలుపు వానకాలం ఉబ్బి గడపకు రాసుకునేది. పోయిన ఐతారం నా కొడుకు పెద్ద రందాతోని రెండు పొరలు లేపిండు. మొదటి పొర చిరిగి ముక్కలైంది. రెండోది పొడుగ్గ, పలచగ, చుట్టలు చుట్టుకొని వచ్చింది. పిల్ల దాన్ని పుస్తకంల పెట్టుకున్నది. తలుపు ఇప్పుడు చప్పుడు లేకుండ పడ్తున్నది. అమ్మీ పది మాట్లు తీసి ఏసి చూసింది.

ధున్కీ మాత్రం గోడకు ఆనించి ఉన్నది. చెదలు తిన్న కొసకు టేకు ముక్క అతికించినం, తాంత్ దొరుకుతలేదు. మూడు ఊర్లల్ల ఎవ్వరికన్న గొర్రె పేగుతోని తాంత్ పేనేటోళ్ళు తెలిస్తే ఖబర్ చెయ్యున్రి. నైలాన్ తాడు కట్టమని చెప్పకున్రి. అట్ల కడితే అది మళ్ళ షో సామానే.

బడే భాయీ, ఇది నువ్వు చదువుతవని నాకు తెల్సు. కోపం పెట్టుకోకు. బసూలా పోయింది, దాని లెక్క నేను అడుగను. అమ్మీ, బాజీ వాటాలు మనిద్దరం కలిసి ఇద్దాం. చిన్న రందా నీ కోసం పక్కన పెట్టిన. దాని అడుగు సాఫుగున్నది, ధార్ పెట్టిన. నీకు పదేండ్లప్పుడు అబ్బా దాన్ని నీ చేతిల పెట్టి మీద తన చెయ్యి పెట్టి తోసిండు, నేను చూసిన. వచ్చి తీసుకపో. నీ ఇంట్ల కూడా ఏదో ఒక తలుపు రాసుకుంటనే ఉంటది.